గుడ్డు లేని తెల్ల చట్నీ

ఖైరున్నిసాకు తన తెల్ల చట్నీ మీద ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. బోధన్‌లో ఆమెలా జాకెట్లు కుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, బిర్యానీ వండేవాళ్లకూ కొదవ లేదు. వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పుతో మిక్సీలో వెన్నలాంటి చట్నీ లేపడం మాత్రం ఆ గల్లీలో ఆమె ఒక్కదానికే వచ్చు. దుబాయ్ హోటల్లో పనిచేసి వచ్చిన తమ్ముడు రయీస్ నేర్పాడు. ఇప్పుడు వాడికే వంకలు పెడుతుంది. నూనె దారంలా పడాలని, చేతికి తొందర ఉండకూడదని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పి, తనది ఒక్కసారి కూడా నూనె విడిపోయి విరగలేదని చివర్న తప్పకుండా కలుపుతుంది. అది నిజం కాదు. విరిగినప్పుడల్లా ఒక గుడ్డు కొట్టి వేసి తిప్పుతుంది, చక్కగా కలిసిపోతుంది. ఇంట్లోవాళ్లు తినేదే కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి గంగమణికి ఆ కిటుకు పనికిరాదు. ఏటా పంఢరపురం వెళ్లివచ్చే మనిషి. మెడలో తులసిమాల పడిన నాటి నుంచి మాంసం, గుడ్డు ముట్టదు, వెల్లుల్లికి మాత్రం పట్టింపు లేదు. చుట్టాల ఇళ్లకు పోయినా గిన్నెలు కలుస్తాయని మంచినీళ్లు తాగి లేచి వస్తుంది. అలాంటి మనిషి, ఖైరున్నిసా చట్నీ చేసిందంటే జొన్నరొట్టె చేత పట్టుకుని వచ్చేస్తుంది. ఆమె కోసం ఒక మిక్సీ జార్, ఒక గరిటె విడిగానే ఉన్నాయి. వాళ్లింట్లో ఎట్లా తింటావని ఎవరైనా అడిగితే, ఖైరూ చేతిది అన్నాక ఇంకేం అడుగుతారని వాళ్ల నోరు మూయిస్తుంది.

ఆ ఆదివారం గంగమణి ఇంట్లో భజన. వచ్చే ఆడవాళ్లంతా మాల వేసుకున్నవాళ్లే, మధ్యాహ్నం భోజనాలు అక్కడే. ఒక గిన్నెడు చట్నీ కావాలని ముందురోజే చెప్పింది.

ఖైరున్నిసా ఫోన్ స్పీకర్లో పెట్టి, నిజామాబాద్‌లో ఉండే చెల్లెలు నజియాతో మాట్లాడుతూ పని మొదలుపెట్టింది. నజియా చట్నీ మళ్లీ విరిగిందట. ఇక అక్కగారి సంతోషం పట్టశక్యం కాలేదు. ఓపిక లేని చేతులకు అంతేనని చెల్లెలికి చీవాట్లు పెడుతూ పెడుతూ నూనె సీసా వంచేసింది. జార్‌లో వెల్లుల్లి ఒకపక్క, నూనె ఒకపక్క అయింది.

ఫోన్ పెట్టేసింది. ఇంట్లో ఇంకో వెల్లుల్లి రెబ్బ లేదు. పక్కింట్లో భజన తాళాల చప్పుడు ఆగింది, ఇక వడ్డనలే. విరిగిందని చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి మాత్రం గుడ్డు మీదికి పోయింది.

చట్నీ మునుపెన్నడూ లేనంత తెల్లగా లేచింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. గంగమణి వచ్చి గిన్నె అందుకుని, మూత కూడా తీసి చూడకుండా వెళ్లిపోయింది. ఖైరున్నిసాను కాల్చింది అదే. గుడ్డు లేదు కదా అని ఒక్క మాట అడిగినా బాగుండేది. కాసేపు నిలబడి చూసింది, ఇక నిలవలేక చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

విస్తళ్లు వేశారు. గంగమణి గిన్నెలో గరిటె ముంచబోతుంటే ఖైరున్నిసా ఆమె చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తున్నారు. పొరపాటున పడిందని చెబుదామనే వచ్చింది కానీ, ఆ మొహం చూశాక అబద్ధం రాలేదు.

"ఇరిగింది అక్కా. నేనే గుడ్డు ఏసిన," అని చెవిలో చెప్పింది.

గంగమణి గిన్నెకు మూత పెట్టి, ఉప్పు మస్తు ఎక్కువైందట, ఇంకోసారి తిందామని ఆడవాళ్లకు చెప్పింది. మాల మెడలో పెట్టుకుని ఆమె అబద్ధమాడడం ఖైరున్నిసా ఎన్నడూ చూడలేదు. అదీ తన పరువు కోసం. ఇంటికొచ్చి తలుపు వేసుకుంది. ఎందుకు ఏడుస్తున్నావని భర్త గులాం అడిగితే వెల్లుల్లి ఘాటు అంది.

చాలా రోజులు పక్కింటి వైపు తలెత్తి చూడలేదు. గుడ్డు తగిలిన పాత జార్‌ను ఇంటి వాడకానికి మార్చి, కొత్తది ఒకటి తెప్పించి పెట్టుకుంది. పిలవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. చివరికి గంగమణే రొట్టెలు మూట కట్టుకుని, వలిచిన వెల్లుల్లి పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. ఖైరున్నిసా మిక్సీ పక్కనే పీట వేసి, అక్కడ కూర్చుని అంతా చూడమని బతిమాలింది. గంగమణి ఆ పీటను గుమ్మం దగ్గరికి జరుపుకుని, మిక్సీకి వీపు పెట్టి కూర్చుంది.

"నేనెందుకు సూసుడు? ఏమన్న అయితె నువ్వు చెప్తవ్ గద."

దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా హాయిగా ఉండేది. ఖైరున్నిసా నూనె సీసా వంచింది. దారంలా పడాల్సిన నూనె ఒక్కసారిగా జారింది. గుడ్ల గిన్నె చేతికందేంత దూరంలోనే ఉంది. గంగమణి వెనక్కి తిరగలేదు.

"ఇరిగింది అక్కా."

ఇరిగితే ఇరిగింది, తెమ్మంది గంగమణి. నూనె తేలిన ఆ చట్నీలోనే రొట్టె అద్దుకుని ఇద్దరూ తిన్నారు. ఎట్లా ఉందో గంగమణి చెప్పలేదు. ఖైరున్నిసా తలెత్తి అడగలేదు.