వదిన చుట్టిన తాడు

బాయిల దిగెటోని పానం వాని చేతుల ఉండదు. మీద క్రేన్ డ్రమ్ముకు వైర్ రోప్, గదే ఇనుప తాడు, ఎట్ల చుట్టుకున్నదో, గక్కడ ఉంటది. ఈ ముచ్చట పట్నపోళ్లకు చెప్తే నవ్వుతరు. "ఇంకా బాయిలేంది భయ్, బోర్లు లేవా?" అంటరు. ఎందుకు లేవు, ఎండిపోయిన బోర్లు మస్తున్నయి! ఇబ్రహీంపట్నంకెల్లి మంచాల దిక్కు పోతుంటే చేన్లల్ల పాత బాయిలు ఇంకా కనవడ్తయి. ఎండలు ముదిరినయంటే రైతులకు గవే యాదికొస్తయి. పూడిక తీపిస్తరు, ఇంకింత లోతు చేపిస్తరు. ఆ పని మేం చేస్తం.

క్రేన్ మా అన్న సొమ్ము. నేను బాయిల దిగి బండ పగలగొట్టి, రాళ్లు ఇనుప బకెట్ల నింపుత. మీద అన్న నడిపే డీజిల్ ఇంజన్ డ్రమ్మును తిప్పుతది, డ్రమ్ము తాడును చుట్టుకుంటది, తాడు గిరక మీదికెల్లి బకెట్‌ను లేపుతది. రాయి ఎక్కాలన్నా, మనిషి దిగాలన్నా గదే బకెట్, గదే తాడు.

తాడు డ్రమ్ము మీద ఒక చుట్టు పక్కపొంటి ఇంకో చుట్టు, చేతికి గాజులేసుకున్నట్టు సందు లేకుండ కూసోవాలె. ఒక వరుస నిండినంకనే దాని మీద రెండో వరుస పడాలె. అట్ల గాక ఒక్కతాన కుప్ప పడ్డదనుకో, బరువు పడంగనే ఆ కుప్ప మీదికెల్లి తాడు జారి కింది సందుల దిగవడ్తది. మీదున్నోనికి గది టప్పుమని చిన్న సప్పుడే. కింద బకెట్ల నిలవడ్డోనికి మాత్రం గుండె గొంతులకొస్తది. నాకెన్నోసార్లు వచ్చింది, నన్నడుగుండ్రి.

ఆ ఎండకాలం మా అన్న తుక్కుగూడ కాడ బండి మీదికెల్లి పడ్డడు. ఎడమ చెయ్యి ఇరిగింది. దవాఖానల పట్టేసి పంపిండ్రు. ఇంజన్ నడిపెటోడు ఇంకొకడుండె గని, వాడు ఆదిభట్లల కంపెనీ పనికి పోయిండు. అప్పటికే ఒక రైతు బాయి ఒప్పుకొని ఉన్నం. క్రేన్ గూడ ఆయన చేన్ల నిలవెట్టినం. అన్న మంచం మీద కూసోని ఇంట్ల కనవడ్డోని మీదల్ల గయ్యిమంటుండె.

మా వదిన వచ్చి, "నేను నడుపుత," అన్నది.

అన్న ఆమె దిక్కు చూసి నా దిక్కు చూసిండు. "ఇగో, విన్నవారా? వంట గదిల కుక్కర్ అనుకున్నది!"

"కుక్కరైతే సీటీ కొట్టి చెప్తది. నీ డ్రమ్ము చెప్పకుండనే మనిషిని చంపుతది. నాకు తెల్వదా?" అన్నది వదిన.

ఆమెకు తెలుసు. పెండ్లయినకాడికెల్లి మాకు బాయికాడికి బువ్వ తెచ్చేది ఆమెనే. తెచ్చి ఊకె కూసునే మనిషి గాదు. ఇంజన్ పక్కపొంటి నిలవడి తాడు చుట్టుకునేది చూస్తుంటది. డీజిల్ పోసేటప్పుడు హ్యాండిల్ పట్టుకుంటది. అన్న చాయ తాగబోతే ఖాళీ బకెట్ లేపుతది, దించుతది. మనిషిని మాత్రం ఎన్నడూ దించలే. వేరే దిక్కు లేక అన్న ఒప్పుకున్నడు.

గప్పుడే కొత్త వైర్ రోప్ తెచ్చినం. కొత్త తాడు ఎక్కించినప్పుడల్లా మా అన్నకొక పద్ధతి. పచ్చ బట్టల పసుపు కొమ్ము, పోక, బియ్యం పోసి మైసమ్మ పేరు మీద ముడుపు గడ్తడు. దాన్ని డ్రమ్ము నడుమల కట్టి, దాని మీదికెల్లి తాడు చుట్టిస్తడు. అడుగు చుట్లు ఎన్నడూ ఇప్పరు గనక ముడుపు లోపల్నే ఉంటది, ఎవ్వలికీ కనవడదు. ఆ ఏడు చెయ్యి ఇరిగింది గదా, భయపడి ముడుపు ఇంకింత పెద్దగ కట్టిండు. ఒంటి చేత్తోని కట్టలేక పండ్లతోని ముడేసిండు. పాపం అనిపించింది.

తెల్లారి బాయికాడ వదిన ఇంజన్ షురూ చేసింది. అన్న గూడ పట్టీల చెయ్యితోని వచ్చి పక్కన కూసున్నడు. నేను బకెట్ల రాళ్లు నింపి ఇచ్చిన, ముందుగాల రాళ్లే దించి చూద్దామని. సగం దూరం మంచిగనే పోయింది. ఇంతల టప్పుమన్నది. బకెట్ ఒక్క ఉదుటున కిందికి పడి, గోడకు తాకి, ఇన్ని రాళ్లు ఒలకవోసింది. రాళ్ల జాగల నేనుంటే ఏంది కత?

"చెప్పలే నేను? ఆడిదాని చెయ్యి పడ్డది, దిష్టి తాకింది," అన్నడు అన్న.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ చెయ్యి ఉన్నప్పుడు తాడు జారలేదానే? నేను బాయిల ఉండంగ ఎన్నిసార్లు జారిందో లెక్క చెప్పాల్నా?" అన్న. అన్న మొకం మాడ్చుకున్నడు.

వదిన మా లొల్లి ఇనలే. బకెట్ లేపింది, దించింది, మళ్ల లేపింది. డ్రమ్ము ముంగట గొంతుక్కూసోని చూసింది. "జర ఇటు రా," అని నన్ను పిలిచింది. "చూడు, ప్రతి వరుసల తాడు ఒక్క జాగలనే మీదికెక్కుతుంది. దిష్టి తాకితే ఎక్కడన్నా ఎక్కాలె గదా, ప్రతిసారి ఒక్క జాగలనే ఎందుకెక్కుతది?"

చూసిన. నిజమే. ముడుపున్న జాగ అది. దాని మీద పడ్డ చుట్టు ఉబ్బింది, ఉబ్బు పక్కన సందు పడ్డది. మీద పడ్డ ప్రతి వరుసా గట్లనే ఉబ్బుకుంట వచ్చింది. ఇన్నేండ్ల సంది అన్న చేతిల కట్టె పట్టుకొని, తాడు రాంగనే పక్కకు నూకుకుంట నెట్టుకొచ్చిండు. ఎందుకు నూకాల్సొస్తుందో ఆయనా అడగలే, నేనూ అడగలే.

"ముడుపు తియ్యాలె," అన్నది వదిన.

అన్న లేచి నిలవడ్డడు. "తల్లి ముడుపు ముట్టుకుంటవానే? రేపు బాయిల దిగేది నా తమ్ముడు!"

"తల్లినైతే నెత్తిన పెట్టుకోవాలె గని, తాడు కింద ఏసి నలగ్గొడ్తరా?" అన్నది. అన్న ఎనకకు జరిగిండు. నాకైతే చప్పట్లు కొట్టబుద్ధయింది.

ఇగ ఆమె పని చూడాలె! తాడు మొత్తం ఇప్పించి చేన్ల పొడుగు పరిపించింది. ముడుపు ఇప్పి కండ్లకద్దుకొని క్రేన్ మీద, గిరక పక్కన కట్టింది. తాడు కొసకు ఇంత పెద్ద బండ కట్టుమన్నది. బండ ఎందుకంటే, "ఒదులుగ చుట్టిన చీర నడిస్తే ఊడదా? తాడూ అంతే. గుంజి చుట్టాలె," అన్నది. ఇంజన్ నిదానంగ తిరుగుతుంటే, బండ దుక్కిల గీసుకుంట మా దిక్కు వచ్చింది. తాడు బిర్రుగ డ్రమ్మెక్కింది. చుట్టు చుట్టుకూ ఆమె ఆపితే, నేను కట్టె సుత్తెతోని టకటక కొట్టి పక్క చుట్టుకు ఆనిస్తున్న. ఎక్కడన్నా సందు కనవడితే వదిన ఎనకకు తిప్పి మళ్ల చుట్టింది. ఎండ మాడు పగలగొడ్తుంది. నేను పరేషానై, "సాలు వదినా," అన్న. "దిగేది నువ్వు. నీకు సాలైనా నాకు సాలదు," అన్నది. ఇగ నోరు మూసుకొని సుత్తె పట్టుకున్న.

పొద్దు వాలేవరకు డ్రమ్ము నిండింది. వరుస మీద వరుస, ఎక్కడ గూడ ఉబ్బు లేదు. నా బతుకుల తాడు అంత ముద్దుగ కూసున్నది ఎన్నడూ చూడలే. రాళ్ల బకెట్ దించింది, లేపింది. చప్పుడు లేదు, గుంజుడు లేదు.

"ఇగ నేను దిగుత," అని బకెట్‌కాడికి పోయిన.

అన్న నా రెక్క పట్టుకొని ఎనకకు గుంజిండు. "నువ్వు దిగద్దు. ముడుపు తీసిన తాడు మీద నా తమ్ముణ్ని దించనియ్య. దిగితే నేనే దిగుత."

అని బకెట్లకు ఎక్కనే ఎక్కిండు! ఒక చెయ్యి పట్టీల, ఒక చెయ్యి బకెట్ గొలుసు మీద. వదిన దగ్గరికి ఉరికొచ్చింది. "బకెట్లకెల్లి దిగయ్యా, నీకు చెయ్యి లేదు," అన్నది. అన్న ఇనే మనిషా? ఇగ నేనే బెల్టు తెచ్చి ఆయన నడుముకు, గొలుసుకు బిగించిన. మైసమ్మా, మైసమ్మా అని గొణుక్కుంట కండ్లు గట్టిగ మూసుకున్నడు. వాళ్లిద్దరి మీద నాకెంత పాయిరం పుట్టిందో చెప్పలేను.

వదిన కొంగు నడుముకు దోపింది. బ్రేక్ మీద కాలు, హ్యాండిల్ మీద చెయ్యి. బకెట్ కదిలింది. నేను బాయి ఒడ్డుకు బోర్ల పండుకొని కిందికి చూస్తున్న, మెడ తిప్పి ఆమెను గూడ చూస్తున్న. మొగడు బాయిలకు పోతుంటే ఒక్కసారి గూడ ఆయన దిక్కు చూడలే. ఆమె చూపంత డ్రమ్ము మీదనే. ఒక్కొక్క చుట్టు వచ్చిన తొవ్వనే ఇప్పుకుంట పోతుంది. ఒక వరుస అయిపోయింది, కింది వరుస మొదలైంది. పొద్దుగాల టప్పుమన్న జాగ దాటిపోయింది.

అడుగు దగ్గరికి రాంగనే చెయ్యి ఊపిన. ఆమె ఇంకింత నిదానం చేసింది. బకెట్ బండ మీద ఆనింది. తాడు జరంత ఒదులైంది. వదిన బ్రేక్ బిగించింది.

అన్న కదల్లే. ఇంతల కిందికెల్లి గొంతు వచ్చింది. "ఆపినవేందే! నడుమల ఆపకు, నా పానం పోతుంది! దించు!"

వదిన ఒడ్డు కాడికి వచ్చి వంగి చూసింది. కండ్లల్ల నీళ్లు, మొకం మీద నవ్వు.

"కండ్లు తెరువయ్యా," అన్నది. "అడుగుల ఉన్నవ్."