పాట లేని ఆట

గురజాల స్టేషనుకు అవతల సున్నపురాయి గనిలో కంకర కొట్టే ఆడవాళ్లలో ఎస్తేరు ఒకతె. నలభై దాటి ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. ఎప్పుడో సుత్తి పడి ఊడిపోయింది, మళ్లీ రాలేదు. మాట్లాడేటప్పుడు ఆ చెయ్యి ఊరుకోదు. ఎండ మండిపోతోందని చెప్పాలన్నా ముందు చెయ్యి నుదుటిమీదికి పోతుంది, మాట వెనకాల వస్తుంది. ఈ ఏడాది, అంటే 1949లో, ఎండాకాలమంతా పని దిగే వేళకు వెళ్లి ఆమె కంకర కుప్ప పక్కన కూర్చున్నాను. ఆమె చెప్పింది అయిదేళ్ల కిందటి సంగతి. ఒకేసారి చెప్పలేదు. ఒకరోజు ఇంత, మరోరోజు ఇంత. కొన్ని రోజులు ఏమీ చెప్పలేదు, రాళ్లు కొట్టుకుంటూ కూర్చుంది.

బెంగాల్లో కరువొచ్చి జనం పిట్టల్లా రాలిపోయిన మరుసటి ఏడు, ఎస్తేరు అత్తకు కడుపులో గడ్డ లేచింది. గుంటూరు ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులున్నారు. గడ్డ తీసేశాక అత్త లేచి నాలుగడుగులు వెయ్యగలిగిన రోజున, ఒక నర్సమ్మ ఇద్దరినీ దగ్గర్లో ఉన్న బడి ఆవరణకు తీసుకుపోయింది. కరువువాళ్లకు బియ్యం పంపడానికి ఎవరో ఊరూరా తిరిగి ఆడుతున్నారట.

"ఆటంటే నాకు తెలిసింది కోలాటం, చెక్కభజన," అంది ఎస్తేరు. "కారెంపూడి తిరునాళ్లలో కత్తులు పట్టుకుని ఊగేవాళ్లను చిన్నప్పుడు చూశా. మా నాయన చూసి చెవి మెలేసి తీసుకొచ్చాడు, మనం ఏసయ్య బిడ్డలం, అయ్యి చూడగూడదని. అయితే ఆ బడికాడ గజ్జెల్లేవు. పాటా లేదు. ఒక పిల్ల చిరిగిన కోక కట్టుకుని వచ్చి చెయ్యి చాచింది. అంతే. అడుక్కునేవాళ్లు చెయ్యి చాచటం రోజూ చూసేదే గదా. అయితే ఆ పిల్ల చాచేటప్పుడు ముందు భుజం సిగ్గుపడింది. తరవాత మోచెయ్యి. అరచెయ్యి ఆఖర్న తెరుచుకుంది. నాకు తెలవకుండా నా చెయ్యి కూడా లేచింది. మా అత్త పక్కనించి, ఏందే, దోమలా అంది."

తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోయింది. కంకర కొట్టేవాళ్లు వరసగా కూర్చుంటారు. చేతులకు పని, నోటికి తీరిక. ఆమె ఎడమవైపు నాంచారమ్మ, కుడివైపు జ్ఞానమ్మ. నాంచారమ్మ వడ్డెరవాళ్ల మనిషి, నోరు సుత్తికన్నా గట్టిది.

"పాట లేకుండా ఆటేందే?" అంది నాంచారమ్మ. "పెళ్లికొడుకు లేకుండా పెళ్లిలాగా."

"చూస్తే తెలుసుద్ది అక్కా."

"నువ్వు చూసొచ్చావు గదా. ఆడి చూపిచ్చు."

"నాకు రాదు."

"రానిదాన్ని గురించా పొద్దుటినించి మా తల తింటున్నావు?"

గని మేస్త్రీ కోటిలింగం అటుగా వచ్చి విన్నాడు. "ఏంది, గనిలో మేళం కడుతున్నారా? మద్దెల నేను కొట్టనా?" అన్నాడు.

"నీ పొట్ట ఉండగా వేరే మద్దెల ఎందుకు మావా," అంది నాంచారమ్మ. వరసంతా నవ్వింది.

జ్ఞానమ్మ నవ్వలేదు. ఆమె నవ్వక రెండేళ్లయింది. ఆమె ఎస్తేరుకు సొంత వదిన కాదు. ఒకే గుడి, ఒకే పల్లె. జ్ఞానమ్మ భర్త దానియేలును ఎస్తేరు అన్నా అని పిలిచేది కాబట్టి ఈమె వదిన. దానియేలు ఈ గనిలోనే పోయాడు.

ఎస్తేరు రోజూ చెప్పేది. అదే పిల్ల, అదే చెయ్యి. చెప్పిందే చెప్తుంటే ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో జ్ఞానమ్మ సుత్తి కింద పెట్టింది.

"చెయ్యి చాచటం ఏమంత గొప్ప," అంది. "గంప దించేటప్పుడు చూడు. బరువు పోయినా మెడ నమ్మదు."

లేచి నిలబడి నెత్తిమీద లేని గంపను రెండు చేతులా పట్టి దించింది. గంప దిగింది. చేతులు కిందికొచ్చాయి. మెడ మాత్రం అట్లాగే బిగిసి నిలబడింది, ఇంకా మోస్తున్నట్టే. కాసేపటికి మెల్లగా వదిలింది. వరసలో సుత్తులన్నీ ఆగిపోయాయి.

"నేను గుంటూరులో చూసింది అదే," అంది ఎస్తేరు నాతో. "ఆ పిల్లకన్నా మా వదినే బాగా చేసింది. అబద్ధమైతే నా కళ్లు పోను."

అట్లా మొదలైంది. ఆరుగురు పోగయ్యారు. పని దిగాక అర్ధగంట ఉండేవాళ్లు. ఆడేదానికన్నా మాట్లాడుకునేది ఎక్కువ. ఒక్కొక్కళ్లు ఒక కదలిక తెచ్చేవాళ్లు. పీరాంబీ, కళ్లలో రాతిపొడి పడితే కొంగు తడిపి ఒకరి కన్ను ఇంకొకరు తుడవటం తెచ్చింది. నాంచారమ్మ, రాయి పగిలే ముందు సుత్తికి తెలిసిపోయే ఆ చిన్న వణుకు తెచ్చింది. అది ఆటా కాదా అని రెండు రోజులు పోట్లాడుకున్నారు. తాళం కోసం వెతుక్కోలేదు. ఇద్దరు కూర్చుని రాళ్లు కొడితే అదే తాళం. పాస్టరుగారు పిలిపించి, గుడి ఆవరణలో మాత్రం వద్దమ్మా అన్నారు. మొగుళ్లు సణిగారు. అయినా ఆగలేదు. జ్ఞానమ్మ అందరితో కూర్చుని అన్నం తినడం మళ్లీ మొదలుపెట్టింది. ఒకరోజు నాంచారమ్మ నడకను అచ్చం దించి చూపించి తనే నవ్వింది.

దానియేలు ఎట్లా పోయాడో ఎస్తేరు నాకు చాలా రోజులు చెప్పలేదు. చెప్పిన రోజు సుత్తి పట్టుకోలేదు.

గనిలో మధ్యాహ్నం అన్నాల వేళకు తూటాలు పేలుస్తారు. మగవాళ్లు రాతిలో బెజ్జాలు వేసి మందు కూరి వత్తులు అంటించి పరుగెత్తుకొస్తారు. ఆడవాళ్లంతా గట్టు వెనక కూర్చుని చప్పుళ్లు లెక్కపెడతారు. ఒళ్లో గులకరాళ్లు పెట్టుకుని, చప్పుడుకొక రాయి కింద వేస్తారు. లెక్క పైకి చెప్పేది రోజుకొకరి వంతు. అయిదు వత్తులు అంటిస్తే అయిదు చప్పుళ్లు వినపడాలి. వంతు ఉన్నామె గట్టిగా అయిదు అని చెప్పాకే మగవాళ్లు కిందికి దిగుతారు. ఒక్కటి తగ్గినా మర్నాటి పొద్దుటిదాకా ఎవరూ గోతిలోకి పోరు.

ఆ రోజు పేలింది నాలుగే. అయిదోది ఎదురుకొండకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని. వంతు జ్ఞానమ్మది. ఆమె అయిదు అంది. మొదట దిగినవాడు దానియేలు.

"మాకూ అయిదే వినపడ్డాయి," అంది ఎస్తేరు. "నా ఒళ్లోంచి కూడా అయిదు రాళ్లే పడ్డాయి. అయితే నోటితో అన్నది తను. అందరికీ తెలుసు. ఎవరం ఆమె ముందు అనలా. అనకపోతే మరిచిపోద్దనుకున్నాం."

ఆ ఆట మాట ఎట్లా పాకిందో, నరసరావుపేటలో నాటకాలు వేయించే ధనుంజయరావు అనే మాష్టరు చెవిన పడింది. వచ్చి చూస్తానని కబురు పెట్టాడు. యుద్ధం మూలాన మందు సరిగా రాక గని అప్పుడప్పుడు మూతపడేది. అట్లాంటి ఒక రోజు చూసుకుని, గోతి అడుగునే చదును మీద ఆడదామనుకున్నారు. జనం గట్టుమీద కూర్చుంటారు.

ఆటకు ఒక ముగింపు కావాలి. ఎస్తేరుకు తట్టింది తూటాల లెక్క. ఇద్దరు రాతిమీద నాలుగుసార్లు కొడతారు. అయిదో దెబ్బ పడదు. అయినా అందరూ ఒకేసారి అయిదు వేళ్లూ ఎత్తుతారు. ఎస్తేరు తూటాలు పేల్చే బండవైపు నడుస్తుంది. అక్కడితో ఆట ఆగిపోతుంది.

"అందరం ఎత్తాలి," అంది నాతో, గోరులేని వేలు చూపిస్తూ. "నేను పెట్టుకున్నది అదీ. ఒక్కదాని నెత్తిన ఉన్నదాన్ని ఆరుగురం పంచుకుందామని. నోటితో అనలేనిది చేతుల్తో అనొచ్చని. మిగతా వాళ్లకు చెప్పా. వదినకు మాత్రం, చివర్న మేం ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి అని ఊరుకున్నా."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

ఒక కంకర ముక్క తీసి కుప్పమీద వేసింది.

"చెప్తే ఒద్దనుద్దని తెలుసు. ఒద్దంటే నా ఆట పోద్ది. అదీ నిజం. చూసి సంతోషపడుద్దని అప్పుడు నాకు నేను చెప్పుకున్నా."

ఆ రోజు గట్టునిండా జనం. పిల్లల్ని ఎత్తుకుని, ఎప్పుడూ తలలు దాచుకునే చోట ఆనుకుని కూర్చున్నారు. గంపలు దించడం, కళ్లు తుడవడం అన్నీ బాగా సాగాయి. కోటిలింగం కూడా వేళాకోళం చెయ్యలేదు. తరవాత రాతిమీద దెబ్బ. ఒకటి. రెండు. మూడు. నాలుగు. గట్టుమీద ఒక్కరూ కదల్లేదు. అందరూ అయిదోదానికోసం చూస్తున్నారు. అలవాటు. పడలేదు. అయిదుగురు ఆడవాళ్లు చేతులెత్తి వేళ్లు చాచారు. ఎస్తేరు నడిచింది.

జ్ఞానమ్మ చెయ్యి ఎత్తలేదు. "నాలుగే," అని అరిచింది. "నాలుగే అయినయ్యి. దిగమాకయ్యో, దిగమాక." పరుగెత్తుకొచ్చి ఎస్తేరును నడుం దగ్గర వాటేసుకుని వెనక్కు లాగింది. ఇద్దరూ రాళ్లమీద పడ్డారు. పడినా వదల్లేదు.

గట్టుమీదివాళ్లు ఎవరూ నోరు మెదపలేదు. చప్పట్లు కొట్టింది నరసరావుపేట మాష్టరు, ఆయన వెంట వచ్చినవాళ్లూ. అది కూడా ఆటే అనుకున్నారు.

ధనుంజయరావు చెడ్డవాడు కాదు. సంగతి తెలిసి తల దించుకున్నాడట. కాని తలెత్తాక అన్నాడట: "గుంటూరులో పెద్ద సభ ఉంది. ఇది అక్కడ ఆడితే పల్నాడు ఆడవాళ్ల బతుకు పదిమందికి తెలుస్తుంది. ఆ చివరి అరుపు మాత్రం ఉండాలమ్మా. ఆమె ఒప్పుకుంటేనే."

గుంటూరు. తను ఆ పిల్లను చూసిన ఊరు. మూడో రోజున ఎస్తేరు జ్ఞానమ్మ గుడిసెకు పోయింది. మొదట కాళ్లమీద పడదామనే పోయానంది. జ్ఞానమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. మోచెయ్యి దోక్కుపోయి ఉంది.

"దెబ్బ తగ్గిందా వదినా?"

"తగ్గుద్ది."

"మాష్టరు గుంటూరు రమ్మంటున్నాడు మనల్ని."

చేట ఆగింది. "ఏం చెయ్యను?"

"ఆ రోజు చేసిందే."

జ్ఞానమ్మ ఆమెవంక చూసింది. కోపం లేదంది ఎస్తేరు, కోపంగా చూసినా బాగుండేది.

"గుంటూరులో ఒకసారి," అంది జ్ఞానమ్మ. "బాగుందంటే బెజవాడలో ఒకసారి. ఎన్నిసార్లు దించుతావే ఆయన్ని గోతిలోకి?"

జ్ఞానమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"నీ ఆట మొదలైనాక కంటినిండా నిద్రపోయా నేను. రెండేళ్ల తరవాత. అది నీకు చెప్దామనుకుంటా ఉన్నా," అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఆమె బెల్లంకొండలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు గుంటూరు పోలేదు. మాష్టరు రెండు కార్డులు రాసి మానేశాడు. ఎస్తేరే వద్దంది. ఆమె లేకుండా ఆడటం తప్పని అందరికీ నచ్చజెప్పింది. నాంచారమ్మ ఒక్కతె ఎదురు చెప్పింది: "ఒక తప్పు చేశావు, దానికి మా చేతులు ఎందుకు కడతావే?" ఆ మాట పట్టించుకోలేదు. ఆటను మానుకోవడమే జ్ఞానమ్మకు తను చెప్పే క్షమాపణ అనుకుంది. పని దిగాక అర్ధగంట ఉండటం తగ్గింది, తరవాత పోయింది. పీరాంబీ కొడుకు దగ్గరికి మాచర్ల వెళ్లింది. వరసలో కొత్త ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు.

పోయిన మాఘంలో ఎవరిదో పెళ్లికి జ్ఞానమ్మ వచ్చింది. తెలిసేసరికి తిరుగు ప్రయాణం. ఎస్తేరు పని వదిలి స్టేషనుకు పోయింది. జ్ఞానమ్మ, జుట్టు సగం నెరిసి, ప్లాట్‌ఫారం మీద మూట పక్కన కూర్చుని ఉంది.

"చిక్కిపోయావేందే," అంది జ్ఞానమ్మ.

"నువ్వేమన్నా లావయ్యావా."

ఇద్దరూ కొంచెం నవ్వారు. తరవాత జ్ఞానమ్మే అడిగింది.

"గుంటూరులో బాగా చేశారా?"

"పోలా వదినా."

"పోలా?"

"నువ్వు లేకుండా ఎట్టా పోతాం. అప్పట్నించీ ఆడనే లేదు."

జ్ఞానమ్మ పట్టాలవైపు తిరిగిందట. "నేను ఆ అరుపు అరవనన్నా," అంది. "గంప దించనన్నానా? మిమ్మల్ని ఆడొద్దన్నానా? ఇటునించి ఎవరొచ్చినా అడిగేదాన్ని, మావాళ్లు యాడన్నా ఆడారా అని. గంప దించేది ఎవరు చేస్తున్నారో అని."

రైలు వచ్చింది. ఎస్తేరు మూట అందించింది. తప్పు నాది వదినా అనే మాట నోటిదాకా వచ్చిందంది. లోపల జనం తోసుకుంటున్నారు. "కిటికీ దగ్గర కూర్చో, గాలొచ్చిద్ది," అంది. బండి కదిలింది.

ఇదంతా చెప్పి ఆమె సుత్తి తీసుకుంది. బెల్లంకొండ ఎంత దూరం, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరొచ్చు గదా అన్నాను.

"చేరొచ్చు," అంది. "ఆట ఉంటే రమ్మని పిలవటానికి పొయ్యేదాన్ని. ఇప్పుడు ఏం పట్టుకుని పోను?"