గాలి డబ్బాతో బొబ్బిలి దాకా

శనివారం ఉదయం ఐదూ నలభైకి నరసన్నపేట కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. ఎడమ భుజానికి గుడ్డ సంచీ. అందులో టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, దిండు గలీబులో చుట్టిన ఒక ఆట తుపాకీ, దానికి బిగించే ఖాళీ గాలి డబ్బా. ఆడవాళ్ళకి బస్సు ఉచితమే కాబట్టి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాను. కండక్టరు సంచీ పక్కకి జరపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏటిది మేడమ్, తుపాకీనా?"

"కాదు బాబూ, మార్కర్."

"మార్కరంటే బోర్డు మీద రాసీది గదా. ఇంత బరువుంతాదా?"

తెలుగు టీచర్నని అతనికి తెలుసు. అంతకు మించి విప్పి చెప్పే ఓపిక ఆ వేళప్పుడు నాకు లేదు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పెయింట్‌బాల్ అంటే రంగు నింపిన గుళ్ళతో ఒకరినొకరు కొట్టుకునే ఆట. మొహానికి ముసుగు తప్పనిసరి. గుళ్ళు పేల్చేదాన్ని మార్కర్ అంటారు. దాన్ని నడిపేది గాలి. ఒత్తిడితో గాలి నింపిన డబ్బా, లీటరు నీళ్ళ సీసా అంత, పిడి కింద వెనక్కి బిగించి ఉంటుంది. దాని అడుగు వచ్చి సరిగ్గా భుజానికి ఆనుతుంది. అందరికీ అదే ఆసరా. నాకు మాత్రం అదే శత్రువు, ఎందుకంటే మూడు నెలలుగా నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికే చెయ్యి లేవడం లేదు. డాక్టరు వ్యాయామం చెప్పాడు, చుట్టాలు వాతం అన్నారు.

డబ్బా ఎక్కడ పెట్టుకుంటే బాగుంటుందని అడగడం నా పొరపాటు. ముందుకీ కిందికీ దించే ముక్క ఒకటుంటుంది, అది వేయించుకోమని ఒకరు. గొట్టం తగిలించి డబ్బాని నడుముకి కట్టుకోమని ఇంకొకరు. తుపాకీ కింద నిలువుగా పెట్టుకోమని మా అబ్బాయి. అసలు పెట్టుకోకుండా ఇంట్లో కూర్చోమని మా ఆయన. వినగా వినగా నా బుర్ర కుండలో గిలక్కాయ అయిపోయింది.

ఆదివారం ఆట ఉంది. మా స్కూలు టీచర్లం ఐదుగురం, అవతల శ్రీకాకుళం బ్యాంకువాళ్ళు ఐదుగురు. మా కెప్టెను సైన్సు టీచరు హైమ నాకంటే పదేళ్ళు చిన్న. మంచి పిల్ల, కానీ మొహమాటం లేదు. "మేడమ్, శనివారం సాయంత్రానికి పేర్లు పంపాల. భుజం కుదరకపోతే సుమని తీసుకుంతాను" అంది. సుమ కొత్తగా వచ్చిన కంప్యూటరు టీచరు. ఇరవై నాలుగేళ్ళు. పాదరసం. ఒక్కసారి ఆ పిల్ల దిగిందంటే మళ్ళీ నన్నెవరు పిలుస్తారు? నలభై ఏడేళ్ళ వయసులో మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, ఒక బ్యాంకు ఆఫీసరుని వెనకనించి నీలం రంగుతో కొట్టి "ఔట్" అని అరిచాను పోయిన నెల. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చోటు వదులుకోవడం నాకిష్టం లేదు.

అందుకే శుక్రవారం విజయనగరం శివార్లలో మేం ఆడే మైదానం చూసుకునే సూర్నారాయణకి ఫోన్ చేశాను. సిగ్నలు తెగుతూ అతుకుతూ ఉంది. "డబ్బా ఎక్కడుండాలో నాను సెప్పనేను మేడమ్. అది మీ వాతాన్ని బట్టి ఉంతాది. బొబ్బిలిలో మా మావున్నాడు... వాతం తాతంటే ఎవులైనా సెప్తారు. మనిషిని కూకోబెట్టి సూసి, బరువు ఎక్కడుండాలో సెప్పీసీగలడు. రేపెల్లండి, నాను సెప్పి ఉంచుతాను." మధ్యలో ఇంకేదో అన్నాడు, వినబడలేదు. వాతాన్ని బట్టి అన్నాడు కదా, సబబుగానే తోచింది.

శ్రీకాకుళంలో ఆరున్నరకి దిగి, పది నిమిషాల్లో విజయనగరం బస్సు పట్టుకున్నాను. ఎనిమిదీ ఇరవైకి విజయనగరం. స్టేషను దగ్గర టిఫిన్ డబ్బాలో ఇడ్లీలు తిని, టీ తాగి, తొమ్మిది దాటాక రాయగడ వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగా గజపతినగరంలో దిగాల్సిన ఒకావిడ వేరుశనక్కాయలు వలుస్తూ నా ప్రయాణమంతా రాబట్టింది.

"పేట నించా? రాజాం మీదగా బొబ్బిలికి బస్సులుంతాయి గదమ్మా. ఇజీనారం ఎందుకెల్లినావు?"

నిజమే. ఎందుకెళ్ళాను? సూర్నారాయణ విజయనగరంలో ఉంటాడు కాబట్టి ఏ పనికైనా విజయనగరం మీదుగానే వెళ్ళాలని నా మనసు అనుకున్నట్టుంది. నా దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు రాజాం మీదుగా వెళ్ళండి. ఆవిడ దగ్గర రెండు శనక్కాయలు తీసుకుని నోట్లో వేసుకున్నాను.

పదిన్నరకి బొబ్బిలి. ఆటో అతణ్ణి వాతం తాత ఇంటికి తీసుకెళ్ళమన్నాను.

"వాతం తాతా? నూని రాసీ తాతేనా?"

"ఆయనే అయ్యుండాలి" అన్నాను.

పెంకుటిల్లు. అరుగు మీద అప్పటికే ముగ్గురు మోకాళ్ళకి ఆకులు కట్టుకుని కూర్చున్నారు. నాకు నమ్మకం కుదిరింది, చోటు సరైనదేనని. పదకొండుంపావుకి నా వంతు వచ్చింది. తాతకి ఎనభై ఉంటాయి. సంచీ విప్పబోతే "అది పక్కనెట్టమ్మా, ముందు నువ్వు కూకో" అన్నాడు. సూర్నారాయణ చెప్పిందీ అదే కదా, కూర్చోబెట్టి చూస్తాడని. కూర్చున్నాను.

"గాలి ఎక్కడుంది తల్లీ?"

"కుడి భుజానికి ఆనుకుని ఉందండి. అక్కడే బాధ."

"ఎప్పుడెప్పుడొస్తాది?"

"ఆదివారాలండి."

తాత నా మొహంలోకి చూశాడు. "ఆదివారాలేనా?"

"మిగతా రోజుల్లో స్కూలు కదండీ."

"బరువుగుంతాదా?"

"నింపితే బరువేనండి."

"నింపితే?" తాత గొంతు తగ్గించాడు. "ఎవుడు నింపుతన్నాడు?"

"సూర్నారాయణండి, విజయనగరంలో. మీకు తెలిసినవాడే."

"నాకు తెల్దు" అన్నాడు తాత గట్టిగా. అరుగు మీద ముగ్గురూ ఆకులు వదిలేసి నా వైపు తిరిగారు. "ఆడికీ నీకూ తగువేటి?"

"తగువేం లేదండి, మంచివాడు. డబ్బా ఇస్తే రెండు నిమిషాల్లో నింపిచ్చేస్తాడు."

"డబ్బాలో ఎట్టి పంపుతన్నాడా!" అంది ఆకు కట్టుకున్న ఒక ముసలావిడ. "ఇది సిల్లంగేనర్రా."

మేనల్లుడి పేరు తెలియదంటాడేమిటి, ఇంట్లో మాటల్లేవేమో అనుకున్నాను. చిల్లంగి అనగానే నాకూ కొంచెం జంకు కలిగింది, ఎవరికి ఎవరు చేతబడి చేశారో బోధపడలేదు. తాత ఇంకేం అడగకుండా వేడి నూనె తీసుకుని మెడనించి మోచేతి దాకా రాశాడు. చెయ్యి మంచిది, కాదనను. చివరికి తీర్పు చెప్పాడు.

"గాలి భుజాన ఉండకూడదు తల్లీ. నడుముకి దించాల. అక్కణ్ణించి దానంతటదే పోతాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. నడుము! తుపాకీ కళ్ళతో చూడకుండానే చెప్పేశాడు. గొట్టం వేసి నడుముకి కట్టుకోమన్నవాళ్ళదే సరైన మాటన్నమాట. దక్షిణ తాంబూలంలో పెట్టి, దణ్ణం పెట్టి బయటపడ్డాను. ముసలావిడ వెనకనించి "ఆ సూర్నారాయణిచ్చింది ఏటీ తినకమ్మా" అని కేకేసింది.

పన్నెండుంపావుకి విజయనగరం బస్సు. ఒళ్ళంతా నూనె వాసన, పక్క సీటాయన ముక్కు మూసుకుని అటు తిరిగి కూర్చున్నాడు. రెండింటికి మైదానం చేరాను. చుట్టూ జీడితోటలు, మధ్యలో పాత డ్రమ్ములు, టైర్ల గోడలు. సూర్నారాయణ ఎదురొచ్చాడు.

"ఏటైంది మేడమ్, అంత ఆలిస్యం? మావ ఏటన్నాడు?"

"నడుముకి దించమన్నాడు. నువ్వెవరో తెలియదన్నాడు కూడా. ఏం గొడవలయ్యా మీకు?"

అతను కాసేపు నన్నూ నా నూనె మెడనీ చూశాడు. "మావ పొద్దున్నించి మూడుసార్లు ఫోన్ సేసినాడు, టీచరమ్మ రానేదని. వీణ పని పక్కనెట్టీసి కూకున్నాడు."

"వీణేమిటి?"

"మావ వీణలు సేస్తాడు గదా మేడమ్. వాయించీవోళ్ళ వాటం సూసి, వీణ సొరబుర్ర తొడ మీద ఎక్కడ ఆనాలో సెప్తాడు. అందుకే వాటం తాతంతారు."

"వాతం కదా?"

"వాతం కాదు మేడమ్, వాటం. ట. ట అచ్చరం."

పాతికేళ్ళుగా పిల్లల నోటు పుస్తకాల్లో ట, త ల తేడాకి ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన మనిషిని. నాకు ట నేర్పాడు సూర్నారాయణ. నవ్వాలో ఏడవాలో తెలియక టైర్ల మీద కూర్చున్నాను. పొద్దున్నించి తిరిగింది తిరిగాక, ఆ నూనె తాత నిజంగా నా భుజం సంగతే చెప్పాడా, చిల్లంగి సంగతా, దేని సంగతి? తలచుకుంటే ఇప్పటికీ తికమకే.

అయినా చెప్పాడు కదా, నడుమే చూద్దామన్నాను. సూర్నారాయణ డబ్బాలో గాలి నింపి, బెల్టులో పెట్టి, గొట్టం తగిలించాడు. ముసుగు వేసుకుని రేకు పలక మీద పది గుళ్ళు పేల్చాను. నొప్పి లేదు. కానీ వెనక ఆసరా పోయి తుపాకీ గాలిలో ఊగింది, నూనె చేతుల్లో జారింది, మోకాలి మీద వంగితే గొట్టం మోచేతికి చుట్టుకుంది. పదిలో తగిలినవి రెండు. ముక్క వేసి డబ్బాని ముందుకు దించి కుడి భుజానికి పెట్టుకుంటే కొంచెం నయం, కానీ మూడో గుండుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిలువుగా పెట్టి చూశాం, మణికట్టు పీకింది. టైము మూడు దాటింది. నాకు ఏడుపొచ్చింది, దాచలేదు.

సూర్నారాయణ ఏమనుకున్నాడో, మావకి వీడియో కాల్ చేసి ఫోన్ ఒక డ్రమ్ము మీద నిలబెట్టాడు. తెర మీద తెల్ల మీసాలు, వెనక గోడకి ఆనించిన, సగం చెక్కిన పనస చెక్క.

"తప్పు నాదేనండి, నూనె రాసే తాత దగ్గరికి వెళ్ళిపోయాను" అన్నాను.

"ఆ నూని తాత నా ఈడోడే, మంచోడేలే" అని నవ్వాడు. "అమ్మా, మీ పిల్లోడు సిన్నప్పుడు ఏ సంకనెక్కీవోడు?"

ఇదేం ప్రశ్న! ఒక్క క్షణం ఆలోచించాను. "ఎడమ."

"నీల్ల బిందె?"

"ఎడమేనండి."

"ఆ సంచీ?"

"ఎడమ. కానీ నేను రాసేది కుడి చేత్తో."

"రాత వేరు, మోత వేరమ్మా. నీ మోత వాటం ఎడమ. వీణ కుదరకపోతే అందరూ వీణని జరుపుతారు. నాను ముందు మనిషిని జరుపుతాను. భుజం మార్సి సూడు."

డబ్బా ఎక్కడ పెట్టాలని ఊరంతా అడిగాను గానీ, నాకు రెండో భుజం ఒకటి ఉందని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ముందుకు దించే ముక్క అలాగే ఉంచి, డబ్బా అడుగు ఎడమ భుజానికి ఆనించాను. బరువు చంకలో బిడ్డలా ఒదిగింది. నొప్పి లేదు, ఊగడం లేదు. కానీ మీట నొక్కేది ఎడమ వేలు, గురి చూసేది ఎడమ కన్ను. రెండూ ఒకటో తరగతిలో చేరినట్టున్నాయి. మొదటి మూడు గుళ్ళు జీడిచెట్లకి తగిలాయి. పదిలో నాలుగు రేకుకి. మళ్ళీ పది, మళ్ళీ నాలుగే. "అలవాటైతే వస్తాది మేడమ్" అన్నాడు సూర్నారాయణ. రేపటికి అలవాటు కాదని ఇద్దరికీ తెలుసు.

నాలుగూ ఇరవైకి శ్రీకాకుళం బస్సు. కూర్చోడానికి చోటు దొరికింది. పక్కన ఖాళీ చేపల గంపతో ఒకావిడ. చిలకపాలెం దాటుతుండగా హైమ ఫోన్ చేసింది.

"మేడమ్, పేర్లు పంపుతన్నాను. కుదిరిందా?"

"కుదిరింది. ఎడమ భుజానికి."

"ఎడమా? గురెలాగుంది?"

ఇక్కడ ఒక అబద్ధం ఆడొచ్చు. బస్సు రొదలో ఆరో ఏడో అంటే సరిపోతుంది. ఆడలేకపోయాను.

"పదికి నాలుగు."

"సుమకి ఏడు పడతన్నాయి మేడమ్."

"తెలుసు."

"మరేటి సెయ్యమంతారు?"

నెల్లాళ్ళుగా అందరినీ ఎక్కడ పెట్టుకోవాలని అడిగానే గానీ, నాకేం కావాలో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని. "హైమా, సుమకి చాలా ఆదివారాలున్నాయి. ఈ ఆదివారం నాకు కావాలి. నా పేరు రాయి" అన్నాను. గొంతు బస్సంతా వినబడేంత పెద్దదైంది.

"రాస్తన్నాను. ఓడిపోతే మిమ్మల్నే అంతాను."

"అను."

ఫోన్ పెట్టేసి సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను. గంపావిడ నా వైపు ఒంగింది. "ఏటమ్మా, సెడ్డ కబురా?"

"కాదు. రేపు నేను ఆట ఆడుతున్నాను."

"ఏటాట?"

శ్రీకాకుళం కాంప్లెక్సు వచ్చేదాకా చెప్పాను. రంగు గుళ్ళు, గాలి డబ్బా, నూనె తాత, వీణ తాత, అన్నీ. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు, నాకే సగం అర్థం కాలేదు. దిగేముందు గంప నెత్తికెత్తుకుని "గెలుస్తావా మరి?" అంది.

ఏమో. పొద్దున్నించీ నాకు తెలియనివి ఎన్నో ఎదురయ్యాయి. వాటిలో భయం వేయనిది మాత్రం ఇదొక్కటే.