పెద్దింటి బల్ల మీద బొంత

విజయదశమి భోజనం మా ఇంట్లోనే జరగాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు. మా తాతగారి కాలం నుంచీ ఆ రోజు ఆయన ఇద్దరు కొడుకుల సంసారాలూ ఒకే పంక్తిలో కూర్చుని తింటాయి. నేను పెద్దకొడుకు కూతుర్ని, పెళ్లయ్యాక కూడా ఈ ఇంట్లోనే ఉన్నాను. ఆ పంక్తి ఎవరింట్లో సాగితే అదే పెద్దిల్లు. అనకాపల్లి బజారులో మా బెల్లం కొట్టు నడిచిన రోజుల్లో ఈ మాట ఎవరూ పైకి అనాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు కొట్టు లేదు, గోదాములు లేవు. ఇంటి ముందు భాగం వేరేవాళ్లది, అందులో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. మాకు మిగిలింది వెనకవైపు మూడు గదులు, వాటిలో పెద్దదాన్ని పూర్తిగా ఆక్రమించిన టేకు భోజనాల బల్ల. అయినా పంక్తి మా దగ్గరే ఉంది. దాన్ని కూడా ఇచ్చెయ్యమన్నట్టు, మొన్న దసరా సెలవులకు ముందు మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. మా వైపు అక్కని అప్ప అంటారు, వాడూ నన్ను అలాగే పిలుస్తాడు.

"అప్పా, ఈ ఏడు మా ఇంట్లో పెట్టుకుందాం. కొత్త డైనింగ్ హాలుంది, ఏసీ ఉంది. నువ్వెందుకు కష్టపడతావు?"

"నేను కష్టపడతన్నానని నీకెవరు చెప్పేరు?"

"అది కాదప్పా. బల్ల చీలిపోయింది కదా. కిందటేడు ఏటయిందో నీకు తెలుసు."

తెలుసు. ఎండలకు బల్ల నడిమిన, ఈ చివర నుంచి ఆ చివర దాకా, వేలు దూరేంత చీలింది. కిందటేడు పప్పుచారు గిన్నె ఒలికి, ఆ చీలికలోంచి కారి, సరిగ్గా బల్ల చివర కూర్చున్న అతని భార్య ఒళ్లో పడింది. కొత్త పట్టుచీర. మా మరదలు ఆ రోజు ఒక్క మాట అనలేదు. తర్వాత ఊళ్లో చాలామందితో అంది.

"ఈ ఏడూ ఇక్కడే. ఆలస్యం చెయ్యకుండా రండి," అని పెట్టేశాను.

వడ్రంగిని పిలిస్తే, చీలిన పలకలు తీసేసి ప్లైవుడ్ వేసి పైన సన్‌మైకా అంటిస్తానన్నాడు. టీ ఇచ్చి పంపేశాను. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోన్లో ఒక బొమ్మ పంపింది. రంగురంగుల గుడ్డ ముక్కలు అతికి, మందంగా కుట్టి, బల్ల పొడుగునా మధ్యలో పరిచిన పట్టీ.

"దీన్ని టేబుల్ రన్నర్ అంటారమ్మా. చీలిక కనపడదు, ఒలికినా పీల్చుకుంటాది. ఆర్డర్ పెట్టేత్తాను."

"వద్దు. నేనే కుడతాను."

"నీకు కుట్టడం వచ్చేటి?"

"జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటన్నాను కదా," అన్నాను. పెళ్లికి ముందు నేర్చుకున్న మిషను కూడా ఉంది, తుప్పు వదిలిస్తే నడుస్తుంది.

ట్రంకు పెట్టెలోంచి నాన్న పట్టు కండువాలు తీశాను, అమ్మ ఆకుపచ్చ చీర కొంగు తీశాను. మడతల దగ్గర చివికిన చోట వదిలేసి, గట్టిగా ఉన్న చోట చదరాలు కోశాను. మా ఆయన కత్తెర చప్పుడు విని వచ్చాడు.

"మావగారి కండువాలు కోసేత్తన్నావేటే?"

"పెట్టెలో ఉంటే పురుగు కొడతాది. నేను కోస్తే బల్లెక్కుతాయి."

చదరాలన్నీ మిషను మీద అతికి, కింద పాత నేత దుప్పటి, దాని కింద ఒక నూలు చీర పరిచి, కదలకుండా టాకాలు వేసుకున్నాను. ఆ మీద అంతా చేత్తోనే, పొడుగునా వరసలుగా చిన్న చిన్న కుట్లు. పట్టు జారుతుంది, దుప్పటి సూదిని పట్టుకుంటుంది. మధ్యాహ్నాలు వెనక వరండాలో కూర్చుని కుట్టాను. ఇరుగుపొరుగు వచ్చి ఏమిటని అడిగితే బల్లకి అన్నాను, అంతకు మించి చెప్పలేదు.

పూర్తయ్యాక బల్ల మీద పరిస్తే రెండు చివరలా జానెడు జానెడు తక్కువైంది.

నేను బల్ల పొడుగు టేపుతో కొలిచి, సరిగ్గా అంతే కోసినదాన్ని. మళ్లీ కొలిచాను. మా ఆయన చీలికలోకి తొంగిచూసి, "బల్ల గానీ పెరిగిందా?" అన్నాడు.

వరస వరసకీ కుట్టు గుడ్డను లోపలికి లాక్కుంటుంది. బొంత కుట్టేవాళ్లకు ఇది తెలుసు కనుక ముందే గుడ్డ ఎక్కువ వదులుకుంటారు. మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ బొంత కుట్టలేదు. పాత చీరలు మూటగట్టి పనివాళ్లకు ఇచ్చేవాళ్లం, బొంతలు వాళ్ల ఇళ్లల్లో తయారయ్యేవి. అంత గొప్పగా బతికినందుకు నాకు జానెడు గుడ్డ తక్కువైంది.

కండువాల్లో మిగిలినవి ముట్టుకుంటే చిరిగేలా ఉన్నాయి. కొత్త పట్టు కొని అతికితే పాతది వెలవెలబోతుంది. అటక మీద ఏమైనా దొరుకుతుందేమోనని ఎక్కి చూస్తే, ఇత్తడి గంగాళాల కింద పరిచిన గోనె గుడ్డలు రెండు కనిపించాయి. ఒకప్పుడు బెల్లం దిమ్మలకు చుట్టి పంపిన గోనె. రెండింటి మీదా నీలం రంగులో మా కొట్టు మార్కా, పూర్ణకుంభం, కింద మా ఇంటిపేరు. రంగు వెలిసింది కానీ అక్షరాలు చదవొచ్చు. ఉతికి ఆరేసి, పోగులు ఊడకుండా అంచు మడిచి, మార్కా బయటికి కనపడేలా రెండు చివరలా అతికాను. మామూలు సూది విరిగింది. దబ్బనంతో కుట్టాను.

"పట్టుకి గోనె అతుకుతావేటే! వాళ్లు నవ్వుతారు," అన్నాడు మా ఆయన.

"ఆ పట్టు ఈ గోనె సంపాదించిందే. నవ్వితే వాళ్ల తాతని చూసి నవ్వినట్టు."

పండగనాడు బల్లకు అటూ ఇటూ అరిటాకులు వేసి, మధ్యలో దాన్ని పరిచి, పులిహోర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు దాని మీద సర్దాను. చీలిక ఎక్కడా కనపడలేదు. తమ్ముడూ మరదలూ పిల్లలతో వచ్చారు, మాడుగుల హల్వా తెచ్చారు. మరదలు నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి గోనె అంచును రెండు వేళ్లతో ఎత్తింది.

"ఇదేటొదినా, బల్లకి బొంత కప్పేవు?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. పండక్కి వచ్చిన మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ ఇంగ్లీషు పేరు చెప్పమ్మా అన్నట్టు ఉంది ఆ చూపు. చెప్పలేదు.

"అవును, బొంతే. నేనే కుట్టేను. కూచో, ఆకులో ఉప్పు కూడా వడ్డించేసేను."

తమ్ముడు వంగి మార్కా చదివాడు. "ఇది తాత మార్కా కదప్పా! మా ఇంట్లో ఒక్కటీ లేదు."

"పంపకాల్లో మీరు గోదాము పుచ్చుకున్నారు నాయనా. గోనెలు మాకొచ్చేయి."

వాడు గట్టిగా నవ్వాడు. భోజనం సాగింది. వాడు దప్పళం మారు వడ్డించుకున్నాడు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి మరదలు పట్టు చదరాల మీద చెయ్యి రాస్తూ మెత్తగా అంది.

"బాగానే కుదిరింది వదినా. వచ్చే ఏడు మా హాల్లో పెట్టుకుందాం, దీన్ని తెచ్చి మా బల్ల మీద వేద్దాం. ఫొటోల్లో బాగుంటాది."

మా ఆయన మజ్జిగ చెంబుతో అక్కడే ఆగిపోయాడు. బొంత అన్నప్పుడు రాని కోపం నాకు అప్పుడు వచ్చింది. వెక్కిరిస్తే ఎదురు చెప్పొచ్చు. మెచ్చుకుంటూ పట్టుకుపోతానంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

"మీది ఆరుగురి బల్ల," అన్నాను. "ఇది వేస్తే రెండు పక్కలా నేల ఊడుస్తాది. నీ బల్లకి కావాలంటే నువ్వు కుట్టుకో, గుడ్డ ఎంత ఎక్కువ వదలాలో చెప్తాను. పంక్తి మాత్రం ఇక్కడే."

"నీకు ఓపిక తగ్గితేనో అప్పా?" అన్నాడు తమ్ముడు.

"తగ్గిననాడు నువ్వొచ్చి ఇక్కడే వడ్డించు."

వాడు భార్య వైపు చూశాడు, ఆమె ఆకు వైపు చూసుకుంది. మజ్జిగ పొయ్యమని మా ఆయనకు సైగ చేశాను.

వెళ్లేటప్పుడు మరదలు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండానే అంది. "వచ్చే ఏడు అప్పడాలు నేను తెత్తాను వదినా."

"వడియాలు కూడా తే," అన్నాను.