కంబళి కింద అన్నం

ఆ రోజుల్లో మా మైనింగు లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ళ వరసల్లో, ఇల్లు ఎలా గడపాలో నేర్పడానికి పుస్తకాలూ లేవు, ఫోన్లూ లేవు. ప్రతి ఇంట్లో ఒక అత్త ఉండేది, అంతే. ఇప్పుడు మా మనవరాలు నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని, కంపెనీ బస్సు దిగి వచ్చి, కాళ్ళు చాపుకుని ఫోన్లో చూస్తుంటుంది. ఇంటి ఖర్చు తగ్గించే మార్గాలట, గ్యాసు మిగిల్చే ఉపాయాలట. పప్పు నానబెట్టి వండాలని, గిన్నె మీద మూత పెట్టాలని ఒకావిడ చేతులు తిప్పుతూ చెబుతుంది. మూత పెట్టాలని కూడా ఒకరు చెప్పాలా అని నేనంటే, నీకు తెలిసింది నువ్వు చెప్పవ్వా, నేను రాస్తానంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, అదీ కాగితం కదలకుండా ఎవరైనా పట్టుకుంటే. కాబట్టి నేను చెబుతున్నాను, తను రాస్తోంది. (మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తానన్నాను. అప్పుడే నవ్వుతోంది.)

మా అత్త పొదుపు గురించి చెబితే మీరు నమ్మరు. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేది. ఆ బ్లేడు కూడా సగమే, మిగతా సగం మా ఆయన గడ్డం గీసుకునే డబ్బాలో ఉండేది. అరిగిపోయిన సోపు ముక్కను కొత్త సోపు వీపుకు అంటించేది కాబట్టి, మా ఇంట్లో సోపు అయిపోవడమనేది నేనెప్పుడూ చూడలేదు. చీర చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ కూడా చిరిగితే దీపానికి వత్తి. కాఫీ పొడి ఒక్కటే అయినా డికాషన్లు రెండు. మొదటిసారి దిగింది మొదటిది, మళ్ళీ నీళ్ళు పోస్తే దిగింది రెండోది. చుట్టాలు వస్తే మూడోది కూడా దిగేది, దాని రంగు చూసి వాళ్ళు తొందరగానే లేచేవాళ్ళు. మొదటి డికాషన్ గనిలోకి దిగే కొడుక్కే పోస్తుందని నేను అనుకునేదాన్ని, ఎప్పుడూ అడగలేదు. లైన్లో అందరూ ఆమెను వెనకాల అగ్గిపుల్లమ్మ అనేవాళ్ళు. మా మామ రాళ్ళ దుమ్ము గుండెల్లోకి పట్టి చిన్న వయసులోనే పోయాడు. ఆ చీల్చిన అగ్గిపుల్లలతోనే ఆమె ఇద్దరు పిల్లల్ని పెంచింది. అందుకని ఎవరూ గట్టిగా నవ్వేవాళ్ళు కాదు.

నాదేమో బేతమంగళ పక్కన పల్లె. మా నాన్న పట్టుపురుగులు పెంచేవాడు. పురుగులు ఆకు తినేశాక మిగిలిన మల్బరీ పుల్లలు మా పెరట్లో గోడెత్తున పడి ఉండేవి, కాల్చుకున్నంత కాల్చుకోవచ్చు. పొయ్యి అంటించి, అది బాగా మండుతుండగా, తీరిగ్గా బియ్యంలో రాళ్ళు ఏరడానికి కూర్చునే పిల్లను నేను. లైన్లో మాత్రం కట్టెలు డిపోలో తూకానికి కొనాలి. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే మా అత్త నా పద్ధతి చూసింది. మండుతున్న కట్టెను బయటికి లాగి, ఇసుకలో పొడిచి ఆర్పి, నన్ను భుజం పట్టి లేపి, నా చోట్లో తను కూర్చుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను ఆ పొయ్యి ముందు కూర్చోలేదు. నీళ్ళు మోశాను, అంట్లు తోమాను, రాగులు విసిరాను. వంట మాత్రం ఆమెదే. (వండే పని తప్పితే పండగ కదా అవ్వా అంటోంది మనవరాలు. ఈ కాలం పిల్లలకు ఆ అవమానం తెలియదు.) మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, నాలుగు ముద్దలు తిని, బాగుంది అనేవాడు. ఆ బాగుంది మా అత్తకు పోయేది. అలాంటిది ఒకటి నాకూ కావాలని గోడకు ఆనుకుని చూస్తూ ఉండేదాన్ని.

తమక అనే ఊళ్ళో ఉన్న మా ఆడబిడ్డకు నెలలు నిండాయి. కాన్పు చేయడానికి మా అత్త పదిహేను రోజులు అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేరోజు పొద్దున్నే కొత్త కట్టెలు దింపించి గోడ వారగా పేర్చితే, నడుమెత్తు వచ్చాయి. తర్వాత ఒక బొగ్గు తీసుకుని, ఆ గోడ మీద మోకాలెత్తున అడ్డంగా గీత గీసింది.

"చూడమ్మే, నేనొచ్చేతలికి కట్టెలు ఈ గీతకు కింద పోకూడదు. ఇంగొకరింట్లో అడక్కూడదు. నిలబెట్టినావంటే పొయ్యి నీది, నేను ఆ పక్కకే రాను. లేదంటే నేను బతికుండేదాకా నువ్వు నీళ్ళు మోసుకుంటా ఉండు."

ఆమె బస్సు మలుపు తిరగకముందే నేను పొయ్యి అంటించాను. ఎనిమిది నెలలుగా దాచుకున్న వంటలన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. అలసందల వడలన్నాను, ఓళిగలన్నాను (అదే, బొబ్బట్లు), ఒకరోజు ఉలవలు పొద్దంతా ఉడికించి చారు తీశాను. మా ఆయన తిన్నాడు కానీ, మధ్యమధ్యలో కట్టెల వైపు చూస్తూ తిన్నాడు. నాలుగో రోజు సాయంత్రం చూస్తే కట్టెలు గీతకు జానెడు మాత్రమే పైన ఉన్నాయి. ఇంకా పదకొండు రోజులుంది.

మా పక్కింట్లో ఒక తమిళావిడ ఉండేది. పెళ్ళికి ముందు ఆఫీసర్ల బంగళాలో ఆయాగా చేసింది కాబట్టి ఆమెను బంగళా అక్క అనేవాళ్ళం. నేను వెళ్ళి ఆమె గడపలో కూర్చుని ఏడిస్తే, ముందు రెండు కట్టెలు నా కొంగులో పెట్టి, మీ అత్తకు చెప్పొద్దంది. తర్వాత ఉపాయం చెప్పింది. బంగళాలో వంటమనిషి అన్నం తపేలాను ఒక ఉడుకు రాగానే దించి, ఎండుగడ్డి కుక్కిన పెట్టెలో మూసేసేవాడట. నిప్పు లేకుండానే అది లోపల ఉడికేదట.

"ఒక ఉడుకు వస్తే పోదుం కన్నా. బిడ్డను పండబెట్టినట్లు దుప్పట్లో చుట్టి పండబెట్టు. మిగతాది అదే చూసుకుంటాది." పోదుమంటే వాళ్ళ తమిళంలో చాలని.

మా ఇంట్లో ఎండుగడ్డీ లేదు, పెట్టే లేదు. మంచముంది, మా ఆయన కంబళి ఉంది. మొదటి రోజు సత్తు తపేలాను వదులుగా చుట్టాను, అన్నం పలుకు పలుకుగా ఉంది. మా ఆయన నములుతుంటే ఆ చప్పుడు నాకు గోడ దగ్గరికి వినబడింది. ఆయన రెండు చెంబుల నీళ్ళు తాగి లేచాడు. రెండో రోజు మరీ పొద్దున్నే చుట్టి పెట్టేశాను, అన్నం గంజిలో మునిగిన గుడ్డలా వచ్చింది. అదీ తిన్నాడు. మూడో రోజుకు కిటుకు తెలిసింది. తపేలా మూతను గుడ్డతో బిగించాలి, కంబళి మూడు మడతలు చుట్టాలి, రెండు పక్కలా దిండ్లు, తలాపున ఒకటి కాళ్ళ దగ్గరొకటి పాత చీరల మూటలు, వాటన్నిటి మీదా పొడుగాటి దుప్పటి కప్పి నాలుగు వైపులా మంచం పట్టె కిందికి దోపాలి. కిటికీ మూయాలి. ఇదంతా అయ్యాక చూస్తే, మంచం మీద ఎవరో తలనిండా కప్పుకుని ముడుచుకు పడుకున్నట్టే ఉండేది. నాలుగో రోజు మా ఆయన తిని, చెయ్యి కడుక్కుని, బాగుంది అన్నాడు. ఇంట్లో మా అత్త లేదు కాబట్టి అది నాకేనని తేలిపోయింది.

అలా మా అత్త వెళ్ళిన పదో రోజు వచ్చింది. అక్కడ మా ఆడబిడ్డకు అనుకున్నదానికన్నా ముందే మగపిల్లవాడు పుట్టాడు. కొడుక్కి ఆ మంచి మాట చెప్పి, గోడ మీద గీత కూడా ఒకసారి చూసి పోదామని మా అత్త చెప్పకుండా పగటి బస్సెక్కింది. మా ఆయన మొదటి షిఫ్టులో ఉన్నాడు, వచ్చే వేళవుతోంది. నేను అప్పుడే అన్నాన్ని ఒక ఉడుకు పట్టించి, మంచం మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి కొళాయికి వెళ్ళాను.

ఆ తర్వాత జరిగింది మా అత్త చెబితే తెలిసింది. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చిందట. షిఫ్టు వేళ, మంచం మీద మనిషి. మా గని ఊళ్ళో షిఫ్టు వేళ మగవాడు మంచం మీద కనబడితే ఎవరికైనా గుండె జారుతుంది. పేరు పెట్టి పిలిచింది, పలుకు లేదు. దుప్పటి మీదే చెయ్యి వేసింది, వేడి. వంగి చెవి ఆనించింది, లోపల గురగురమంటోంది. తపేలాలో ఉడుకు ఇంకా అణగలేదు మరి. కానీ ఆమెకు తెలిసిన గురగుర వేరు, మా మామ ఆ చప్పుడుతోనే పోయాడు. దుప్పటి లాగబోతే నేను దోపిన దోపుడుకు రాలేదు. అంతటితో ఆమె ధైర్యం అయిపోయి, దాని మీద పడి అరిచింది. లైన్లో ఉన్న ఆడవాళ్ళందరూ వచ్చేశారు. ఎవరో ఒకరు ఆసుపత్రికి పరుగెత్తారు.

నేను తలమీదొక బిందె, చంకలో ఒక బిందెతో వచ్చేసరికి మా ఇంటి ముందు జనం. మా లైన్లలో నీ ఇంటి ముందు జనం ఉంటే నీకెవరూ ఏమీ చెప్పరు, పక్కకు జరిగి దారి ఇస్తారు. నాకు దారి ఇచ్చారు. బిందెలు ఎక్కడ వదిలానో తెలియదు, రవిక దాకా తడిసిపోయాను. లోపల మా అత్త మంచం మీద పడి ఉంది. ఆమె తమక నుంచి ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది అని కూడా నాకు తోచలేదు. నా చేతులతో నేనే కప్పి, నేనే దోపిన దుప్పటి అది. ఆ సంగతి నా బుర్రలో ఏ మూలా లేదు.

"ఇంట్లో మనిషి ఇట్ల కాలిపోతా ఉంటే యాడికి పోతివే?" అంది.

నేనూ చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది. ఇంకేముంది, రెండో పక్క నేను పడ్డాను. ఏడుస్తూ నా తప్పులన్నీ చెప్పేసుకున్నాను. పలుకన్నం పెట్టానన్నాను, గంజన్నం పెట్టానన్నాను, బంగళా అక్క దగ్గర రెండు కట్టెలు తీసుకున్నానన్నాను, ఓళిగలకు ఎంత కాల్చానో అదీ చెప్పాను. నాకు పొయ్యీ వద్దు గీతా వద్దు, ఈయన లేచి కూర్చుంటే బతికినన్నాళ్ళూ నీళ్ళు మోస్తానన్నాను. మా అత్త నా తల మీద చెయ్యి వేసింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

"నీదేముందిలేమ్మే, నేను చేసిన పాపం విను. దినామూ మొదటి డికాషన్ నేను తాగేసి, గనిలో దిగే బిడ్డకు రెండోది పోస్తాంటినే. ఇంగ యాడ తీర్చుకుందును."

ఆ మాటకు వాకిట్లో ఏడుస్తున్నవాళ్ళు కూడా ఏడుపు ఆపారు. ఎవరో దగ్గారు. అప్పుడే తలుపు దగ్గర ఉన్నవాళ్ళు ఒకరొకరే పక్కకు జరగడం మొదలుపెట్టారు. చూస్తే గడపలో మా ఆయన, చేతిలో టిఫిన్ డబ్బా, ముఖం నిండా గని మట్టి. నా పలుకన్నం దగ్గరనుంచీ అక్కడే నిలబడి అంతా విన్నాడని తర్వాత బంగళా అక్క చెప్పింది. మెల్లిగా వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి, మా ఇద్దరినీ చూసి, దుప్పటిని చూసి అన్నాడు.

"ఇంగ కొంచేపు ఉడకనీండి నన్ను. ఇప్పుడే తీస్తే పలుకుంటాది."

మా అత్త కొడుకును చూసింది, దుప్పటిని చూసింది, మళ్ళీ కొడుకును చూసింది. లేచి ముందు ఆయన వీపు మీద రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత నుదురు తాకి చూసింది. అప్పుడు ఒక్కొక్కటే విప్పింది. దుప్పటి, దిండ్లు, చీరల మూటలు (అందులో ఒకటి ఆమె పాత చీరే), చివరికి కంబళి. మూత తీస్తే ఆవిరి లేచింది. అన్నం మల్లెమొగ్గల్లా విడివిడిగా ఉంది. ఒక మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత అందరం చూస్తుండగా గోడ దగ్గరికి నడిచింది. కట్టెలు గీతకు బెత్తెడు పైన ఉన్నాయి. బంగళా అక్క ఇచ్చిన రెండు కట్టెల సంగతి ఆమె ఎత్తవచ్చు. ఎత్తితే డికాషన్ సంగతి ఎత్తడానికి వాకిట్లో పదిమంది ఉన్నారు. కొంగు తడిచేసి గోడ మీద గీతను తుడిచేసింది. గీత పోయి నల్లటి మరక మిగిలింది.

"డికాషన్ ఎయ్యమ్మే," అంది నా వైపు చూడకుండా. "మొదటిది వానికియ్యి."

అని వెళ్ళి పొయ్యికి వీపు పెట్టి గడపలో కూర్చుంది. ఆసుపత్రికి పోయినవాణ్ణి దారిలోనే వెనక్కి పిలుచుకొచ్చారు, వాడికీ కాఫీ పోశాను. (నెల తిరక్కుండా మా అత్త లైన్లో ఆడవాళ్ళకు కంబళి చుట్టడం నేర్పుతోంది, అది మా ఇంటి పద్ధతని. బంగళా అక్క ఎప్పుడూ కాదనలేదు, దగ్గి ఊరుకునేది.)

మా ఆయన నలభై ఏళ్ళకు పైగా నన్ను దీంతో సాధించాడు. నేను అలిగితే చాలు, మంచమెక్కి కంబళి ముసుగు పెట్టుకుని, ఏడుపు ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసేవాడు. గని మూతపడిన కాలంలో, ఇంట్లో ఎవరికీ నోట మాట రాని రోజుల్లో కూడా ఒకసారి అలాగే పడుకుని నన్ను నవ్వించాడు. నాలుగేళ్ళ కింద ఆయన నిజంగానే పోయాడు. ఆ రోజూ ఇంటి ముందు జనం ఉన్నారు, నాకు దారి ఇచ్చారు. నేను అరవలేదు. ముందు దుప్పటి ఎత్తి చూశాను.

అప్పుడప్పుడూ ఆ తడిసిన రవిక పిల్ల గుర్తుకొస్తుంది, పందొమ్మిదేళ్ళది, అన్నం తపేలాను కావలించుకుని తన తప్పులన్నీ ఏకరువు పెడుతున్న పిల్ల. వెళ్ళి దాని భుజం తట్టి, ఆ దుప్పటి ఒకసారి ఎత్తి చూడవే పిచ్చిదానా అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. ఏడవనీ, ఇంకా కాస్త గట్టిగానే ఏడవనీ. ఆయన అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు, వినాలి కదా.