తలకు తల ఎదురుపడితే

అల్ ఖౌద్ అనే గల్ఫ్ ఊళ్లో, యూనివర్సిటీ దారిలో ఉన్న లాండ్రీలో వీరబ్రహ్మం పంతొమ్మిదేళ్లుగా బట్టలు ఉతుకుతున్నాడు. కడప వైపు మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి, మాట తగ్గిపోయింది.

ఆ వారం ఉతికిన తెల్లటి దిష్‌దాషాలు, అరబ్బులు వేసుకునే పొడుగు అంగీలు, జిడ్డు పొరతో వెనక్కొచ్చాయి. ఇస్త్రీపెట్టె మురికి అంటిందని, అందరూ అర్బాబ్ అని పిలిచే యజమాని తేల్చేశాడు. ఇంకొక్కటి వెనక్కొస్తే ఇస్త్రీ చేసే బాబు మియాను ఊరికి పంపేస్తానన్నాడు.

"పెట్టె అద్దంలా తుడిచినా భాయ్. నా మొహం కనబడుతుంది గానీ అర్బాబ్‌కు నా మాట వినబడదు," అన్నాడు మియా.

ఆ సాయంత్రం యూనివర్సిటీ ల్యాబులో పనిచేసే హైదరాబాదు అఖీల్ తన తెల్లకోట్ల కోసం వచ్చి, ఆ పొరను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"చాచా, సబ్బుపొడీ, బట్టలు మెత్తబడే మందూ కలిపి పోస్తున్నరా?"

"పది దినాల్నుంచి ఒగేసారి పోచ్చాండా నాయనా. కడాకు మందు పోయనీకి మిషన్ కాడికి మళ్లీ ఆరు మెట్లు దిగాల. నా కాళ్లు ఒప్పుకోవు."

"సబ్బు కణానికి తల నీళ్ల దిక్కు, తోక జిడ్డు దిక్కు. జిడ్డును నడుమ పెట్టుకుని, తలలు బయటికి పెట్టి ఉండలెక్క కూసుంటయ్. మైసెల్ అంటం. తలలన్నిటికీ ఒకటే కరెంటు, ఒకదాన్నొకటి నెట్టుకుంటయ్. అందుకే సబ్బు సరిపడా పడితేనే గుంపు కడతయ్. మీ మందు తలకు ఉల్టా కరెంటు. రెండూ ఎదురైతే అతుక్కుంటయ్, ఇంక నీళ్లతో పనిలేదు. పోయి బట్ట మీద కూసుంటయ్."

"అంటే నేనే పెండ్లి చేసినా."

"ఆ పెండ్లి భోజనమే ఈ జిడ్డు చాచా."

మియా పక్కనే ఉన్నాడు, నవ్వలేదు.

మర్నాటి నుంచి మందు విడిగా పోస్తే చాలు, బట్టలు తెల్లబడతాయి. తన పేరు ఎవరూ ఎత్తరని వీరబ్రహ్మానికి తెలుసు. పెట్టె తుడిచాకే బాగుపడిందని, తప్పు మియాదేనని అర్బాబ్ మనసులో ఉండిపోతుంది. ఆ తర్వాత ఏ మచ్చ పడినా మియా మీదికే వస్తుంది.

వీరబ్రహ్మం అర్బాబ్ గదిలోకి వెళ్లి, తప్పు తనదేనని తనకొచ్చిన హిందీలో చెప్పాడు. "బాబు మియా నహీ. మై కియా."

అర్బాబ్ అతని మోకాళ్లకేసి చూశాడు. వీసా రెండు నెలల్లో అయిపోతుందని, ఈసారి కొత్తది వేయించనని, గొంతు పెంచకుండానే చెప్పాడు.

మియాకు కోపం ఆగలేదు. "నోరు మూసుకుంటే నీదేం పోయేది?"

"నాది కాదు, నీది పోయేది," అన్నాడు వీరబ్రహ్మం. వెళ్లే రోజు ఎలా వస్తుందోనని ఇన్నేళ్లూ భయపడ్డాడు. ఇప్పుడు ఉతకాల్సిన గుట్ట పక్కన కూర్చుంటే, అతనికి నిద్ర తప్ప ఇంకేమీ రాలేదు.