కెటూరాకే మొదటి బహుమతి

కెటూరా లిబర్డ్‌ని చూస్తే నాకు కన్నుకుడుతుంది. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మా పేట చాపెల్‌టౌన్‌లో అందరికీ తెలిసిందే.

మేమిద్దరం నేవిస్ దీవి నుంచి ఒకే ఓడలో, మా అమ్మల పాస్‌పోర్టుల మీద లీడ్స్ ఊరికి వచ్చిన పిల్లలం. అప్పట్లో మా దీవి ఇంగ్లీషువాళ్ల పాలనలోనే ఉండేది, పిల్లలకి వేరే కాగితాలెవరూ అడగలేదు. ఓడలో మేమంతా వాంతులు చేసుకుంటూ మూలుగుతుంటే కెటూరా మాత్రం తువ్వాలుకి ముడులు వేసి కొంగ బొమ్మ చేసింది. పెద్దలందరూ దాని చుట్టూ చేరారు. నన్ను చూడడానికి ఒక్కరూ రాలేదు. అప్పుడు మొదలైన మంట ఇది.

పెద్దయ్యాక నేను కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరాను. ఆమె ఆసుపత్రి వంటగదిలో చేరింది. మధ్యలో వాళ్లమ్మకు పక్షవాతం వస్తే నాలుగేళ్లు మానేసి, ఇంట్లోనే ఇరుగుపొరుగు బట్టలు కుట్టింది. అమ్మ పోయాక మళ్లీ అదే వంటగది. ఈ ఊళ్లో జబ్బుపడిన వాళ్లలో సగం మంది ఆమె చేతి జావ తాగి కోలుకున్నవాళ్లే. మా ఆయన క్లిఫ్టన్ ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చి, "నీ జావ కెటూరా జావలా ఎందుకుండదు?" అని అడిగాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం నేను క్షమించలేదు.

అసలు పోటీ ఆగస్టులో. మా కార్నివాల్ ఊరేగింపుకు ఆడవాళ్లం ముందుగదిలో కర్టెన్లు మూసుకుని, తీగలతో, వలగుడ్డతో, ఈకలతో ఎవరికి వాళ్లం రాణి వేషాలు కట్టుకుంటాం. పేరుకే రాణి, పక్షి కావచ్చు, పువ్వు కావచ్చు. ఎవరేం కడుతున్నదీ పక్కింటికి కూడా తెలియనివ్వం. ఏటా కెటూరాకు మొదటి బహుమతి, నాకు రెండోది. చర్చిలో పిల్లలు నన్ను "రెండో ఆంటీ" అంటారు. నాకు వినపడదనుకుంటారు.

అలాంటి కెటూరాని తల నెరిశాక ఒకరోజు ఆసుపత్రివాళ్లు కూరలో కరివేపాకులా తీసిపారేశారు. ఈ దేశంలో ఉండే హక్కుందని కాగితం చూపించమన్నారట. మా అమ్మమ్మ పోయినప్పుడు నేను నేవిస్ వెళ్లొచ్చాను కాబట్టి నాకు పాస్‌పోర్టుంది. కెటూరా ఎక్కడికీ వెళ్లలేదు, తీసుకోలేదు. ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నట్టు ఏడాదేడాదికీ రుజువు కావాలనీ, లేకపోతే నేవిస్ పంపేస్తామనీ ప్రభుత్వ కార్యాలయం చెప్పింది. ఉద్యోగం చేసిన ఏళ్లకు రుజువులు దొరికాయి. అమ్మను చూసుకున్న నాలుగేళ్లకు ఏమీ లేదు.

ఈ సంగతి విన్నప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ ఆగస్టులో మొదటి బహుమతి నాదేనని. బజారుకెళ్లి బంగారు రంగు వలగుడ్డ కొనుక్కొచ్చుకున్నాను.

దానికి తీగ కడుతుండగా డెలానో వచ్చాడు. మా వీధిలో పెరిగినవాడే, ఇప్పుడు లాయరు, కెటూరా కేసు చూస్తున్నాడు. ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"చర్చిలో అందర్నీ అడిగాను ఆంటీ. బంగారంలాంటి మనిషి అంటారు, ఎప్పట్నుంచో తెలుసంటారు. ఆ నాలుగేళ్లలో ఏం చేసిందయ్యా అంటే ఒక్కరికీ గుర్తులేదు."

"వాళ్లకెందుకు గుర్తుంటుంది? వాళ్లకి కడుపుమంటా ఏమన్నానా?" అన్నాను. "రాసుకో. పంతొమ్మిది వందల డెబ్బై ఆరు, సూర్యుడి వేషం. ఎండకి జిగురు కరిగి కిరణాలు ఊడిపోయినా బహుమతి దానికే. మరుసటేడు కొంగ, ముక్కు బస్సు తలుపులో ఇరుక్కుంది. ఆ పై ఏడు మా నేవిస్ కొండ. దానికి కట్టిన గులాబీరంగు పట్టు నేను కన్నేసి ఉంచుకున్నది, ఆఖరి ముక్క నాకంటే ముందెళ్లి కొనేసింది. డెబ్బై తొమ్మిదిలో చెరకుపూలు. వాళ్లమ్మని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీకి కూడా పూలు కట్టింది. అది చూసి జడ్జీలు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, వేరే కారణానికి."

డెలానో కలం ఆపి నన్ను చూశాడు. "మీరు ఆమె స్నేహితురాలేనా ఆంటీ?"

"కాదు," అన్నాను.

ఏ ఏడు ఏ వేషమో తెలిశాక, ఊరి పత్రికవాళ్ల పాత ఫొటోల్లో వెతకడం తేలికైంది. నాలుగూ దొరికాయి. కొంగ ముక్కు కింద, చెరకుపూల మధ్య, కెటూరా ముఖం స్పష్టంగా ఉంది. ప్రతి ఫొటోలోనూ ఆమె పక్కన నేనున్నాను, కెమెరా వైపు కాదు, ఆమె వైపు గుడ్లురిమి చూస్తూ. డెలానోకు నవ్వాగలేదు.

ఆ ఫొటోలతో కెటూరాకు ఈ దేశంలో ఉండే హక్కు వచ్చింది. ఉద్యోగం రాలేదు, పోయిన జీతం రాలేదు, తప్పు మాదేనన్న మాటా రాలేదు. కానీ ఆ జూన్‌లో, మా దీవులవాళ్లు ఈ ఊరికి చేసిన సేవకు సన్మానమని ఆమెను టౌన్‌హాల్ వేదిక ఎక్కించారు. మేయరు పూలగుత్తి ఇచ్చాడు. కెటూరా మైకు దగ్గరికెళ్లి, "పూలు బాగున్నాయి బాబూ. నా ఉద్యోగం ఎక్కడ?" అంది. హాలంతా లేచి నిలబడింది. ఆ మాట నాకు ముందు తట్టలేదే అని ఒళ్లు మండిపోయింది.

తర్వాత బయట మెట్ల మీద కెటూరా నా పక్కన కూర్చుంది. "నువ్వు నోరుమూసుకునుంటే ఈసారి మొదటిది నీకొచ్చేది కదే ఎర్మీన్."

"కెటూరా లేదు కాబట్టి వచ్చిందనేవాళ్లు. వెళ్లిపోయి కూడా నా ముందే నుంచునేదానివి," అన్నాను. "నిన్ను ఓడిస్తే నేనే ఓడించాలి. ఆ ఆఫీసువాళ్లెవరు మధ్యలో?"

కెటూరా తన చేతిలోని పూలగుత్తిలో సగం తీసి నా ఒళ్లో పెట్టింది. సగమే.

ఆగస్టులో మళ్లీ మొదటిది కెటూరాకే వచ్చింది. నా బంగారు వలగుడ్డ వేషానికి రెండోది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీస్తున్నాయన, "ఇటు చూడండి ఆంటీ, కెమెరా వైపు," అని రెండుసార్లు చెప్పాడు. నేను చూడలేదు. కెటూరా వైపే చూశాను. ఆమె ఈ ఏడాది ఇక్కడే ఉందా అని మళ్లీ ఎప్పుడు అడుగుతారో ఎవరికి తెలుసు.